మీకు తెలుసా? పోలియో వచ్చినవారి కడుపు సంగతి

పోలియో అనగానే మనకు గుర్తొచ్చేది సన్నబడిన కాలు, దానికి బిగించిన కాలిపర్, చంకలో కర్ర. ఆ వైరస్ మాత్రం ఒంట్లోకి వచ్చేది నోటి గుండా. కలుషితమైన నీళ్ళతోనో, మురికి చేతులతోనో లోపలికి దిగి ముందు గొంతులో, ఆ తర్వాత పేగుల్లో పెరుగుతుంది. కడుపులోని యాసిడ్ దాన్ని ఏమీ చేయలేదు. పేగుల్లోంచి రక్తంలోకి, కొద్దిమందిలో రక్తంలోంచి నరాల్లోకి పోతుంది. వైరస్ సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావాళ్ళలో చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. కొందరికి నాలుగు రోజుల జ్వరం, గొంతునొప్పి, వాంతులు, అంతే.

ఇలా కడుపులో మొదలయ్యే జబ్బే అయినా, పోలియో వచ్చినవాళ్ళను కడుపు ఎలా ఉందని అడిగేవాళ్ళు చాలా తక్కువ. డాక్టరు కాలు చూస్తాడు, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో కాలి బలాన్ని, వంకరను కొలిచి శాతం వేస్తారు. పొద్దున్నే బాత్రూములో గంటసేపు పడే అవస్థ ఏ సర్టిఫికెట్లోకీ ఎక్కదు. ఈసారి ఆ సంగతులే చెప్పుకుందాం.

ముక్కు మీద పడ్డ నింద

పోలియోకు కారణం వైరసేనని 1908లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్, ఎర్విన్ పాపర్ చూపించారు. మరో నాలుగేళ్ళకే స్వీడన్ డాక్టర్లు చనిపోయిన రోగుల పేగుల్లో దాన్ని పట్టుకున్నారు. కానీ అమెరికాలో అప్పట్లో వైద్య పరిశోధనకు పెద్దదిక్కుగా ఉన్న సైమన్ ఫ్లెక్స్‌నర్, వైరస్ ముక్కులోంచి నేరుగా మెదడుకు చేరుతుందని గట్టిగా నమ్మాడు. ఆయన ప్రయోగశాలలో వాడిన కోతుల జాతికి పోలియో ముక్కు ద్వారా తేలిగ్గా సోకుతుంది, నోటి ద్వారా అంత తేలిగ్గా సోకదు. కోతుల్లో చూసిందే మనుషులకూ అంటగట్టడంతో స్వీడన్ వాళ్ళ మాట పక్కన పడిపోయింది. 1937లో కెనడాలోని టొరంటోలో వేలమంది పిల్లల ముక్కుల్లోకి జింక్ సల్ఫేట్ మందు చిమ్మారు. పోలియో ఆగలేదు సరికదా, కొందరు పిల్లలకు వాసన తెలియడం పోయింది. 1941లో ఆల్బర్ట్ సేబిన్, రాబర్ట్ వార్డ్ చనిపోయినవాళ్ళ శరీరాలను పరీక్షించి, వైరస్ జీర్ణమార్గంలోనే ఉంటుందని, ముక్కులో కనపడడం లేదని తేల్చారు. తర్వాత నోట్లో వేసే చుక్కల మందు తయారుచేసింది ఆ సేబినే. పేగుల్లో పెరిగే వైరస్‌ను పేగుల్లోనే అడ్డుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన.

అంబర్‌పేట మురుగునీరు

2016లో హైదరాబాద్ అంబర్‌పేటలో తీసిన మురుగునీటి శాంపిల్లో, చుక్కల మందులోని టీకా వైరస్ నుంచి రూపం మారిన టైప్-2 పోలియో వైరస్ దొరికింది. ఒక్క పిల్లవాడికీ జబ్బు రాలేదు. అయినా ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు రూపంలో పోలియో టీకా వేశారు. వైరస్ మలంతో పాటు బయటికొస్తుంది కాబట్టి, ఎవరికీ కాలు పడిపోకముందే కాలువలో దాని జాడ పట్టుకోవచ్చు. మన దేశంలో ఈ మురుగునీటి నిఘా 2001లో ముంబైలో మొదలైంది.

ఎప్పుడో పోలియో వచ్చినవాళ్ళ పేగుల్లో ఇంకా వైరస్ ఉంటుందా?

ఉండదు. జబ్బు వచ్చిన కొన్ని వారాలపాటు మలంలో పోతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించినవాళ్ళు చాలా అరుదుగా ఏళ్ళ తరబడి వైరస్‌ను విసర్జిస్తారు. బ్రిటన్‌లో అలాంటి ఒకరి మలంలో చుక్కల మందు వైరస్ 28 ఏళ్ళుగా పోతోందని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది వేరే సంగతి. చిన్నప్పుడు పోలియో వచ్చి కోలుకున్న మనిషితో కలిసి తినడానికి, ఆ మనిషి చేతివంట తినడానికి, పెళ్ళి చేసుకోవడానికి ఏ భయమూ అక్కర్లేదు.

ముక్కడానికి బలం ఎక్కడిది?

పోలియో దెబ్బతీసేది వెన్నుపాములో ఉండి కండరాలను కదిపే నరకణాలను. పేగు గోడలకు వాటి సొంత నరాల అల్లిక ఉంది. పేగులు తమంతట తాము కదలడానికి ముఖ్యంగా ఆధారం అదే, పోలియో దెబ్బ పడేది ప్రధానంగా దాని మీద కాదు. అందుకే చాలామందిలో పేగు బాగానే ఉంటుంది. పోయేది పేగు చుట్టూ ఉన్న బలం.

దొడ్డికి కూర్చున్నప్పుడు మనం ఏం చేస్తామో ఒక్కసారి గమనించండి. ఊపిరి బిగబడతాం, ఛాతీకీ పొట్టకూ నడుమనున్న డయాఫ్రమ్ కండరం కిందికి దిగుతుంది, పొట్ట ముందున్న కండరాలు బిగుస్తాయి, అదే సమయంలో కింద మలద్వారం దగ్గరి కండరాలు వదులవుతాయి. ఇన్ని పనులు పొందికగా జరిగితేనే పని సాఫీగా పూర్తవుతుంది. పోలియో నడుములోకి, పొట్టలోకి ఎక్కినవాళ్ళకు వీటిలో ఒకటో రెండో చచ్చుబడి ఉంటాయి. గట్టిగా దగ్గలేనివాళ్ళకు ముక్కడం కూడా కష్టం, ఎందుకంటే రెండు పనులూ చేసేది ఆ పొట్ట కండరాలే. పొట్టకు అడ్డంగా చేయి గట్టిగా అదిమి, కాస్త ముందుకు వంగి కూర్చునే అలవాటు చాలామందికి వాళ్ళంతట వాళ్ళకే వచ్చేసి ఉంటుంది. అది మంచి పద్ధతే, ఫిజియోథెరపిస్టులు నేర్పేదీ అదే.

జబ్బు వచ్చిన మొదటి రోజుల్లో అయితే పేగులు, మూత్రాశయం రెండూ కొన్నాళ్ళు మొరాయించడం కొత్తేమీ కాదు. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1921 ఆగస్టులో, 39 ఏళ్ళ వయసులో కాంపొబెల్లో దీవిలో జబ్బుపడినప్పుడు కాళ్ళతో పాటు మూత్రం, విరేచనం కూడా స్తంభించాయి. గొట్టం పెట్టడం, ఎనిమా ఇవ్వడం భార్య ఎలినార్ నేర్చుకుని చేసింది. కొన్ని వారాల్లో అవి తిరిగొచ్చాయి, కాళ్ళు రాలేదు. ఆయనది పోలియో కాదు, గులియన్-బారే జబ్బని వాదించే పరిశోధకులూ ఉన్నారు. రూజ్‌వెల్ట్ కాళ్ళ గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఎలినార్ చేసిన ఈ సేవకు వాటిలో దక్కిన చోటు చిన్నది.

నీళ్ళు తాగకుండా గడిపే రోజు

పోలియో వచ్చినవాళ్ళలో మలబద్ధకానికి నరాలూ కండరాలూ ఒక కారణమైతే, టాయిలెట్టు ఇంకొకటి. మన దగ్గర రెండోది మొదటిదానికి తీసిపోదని నా నమ్మకం.

తొడ దాకా కాలిపర్ వేసుకునేవాళ్ళకు మోకాలి దగ్గర రెండు పక్కలా రెండు ఇనుప రింగులుంటాయి. నిలబడగానే అవి కిందికి జారి కీలును బిగించేస్తాయి. కూర్చోవాలంటే రెండింటినీ వేళ్ళతో పైకి లాగాలి. ఇప్పుడు బస్టాండులోని టాయిలెట్టును ఊహించుకోండి. నేలంతా తడి. చంకకర్ర ఆనించడానికి మూల లేదు, ఆనిస్తే జారుతుంది. ఒక చేయి గోడమీద, ఇంకో చేయి రింగుమీద, చీర కుచ్చెళ్ళు పట్టుకోవడానికి మూడో చేయి లేదు. పైగా గుంట టాయిలెట్టులో గొంతుకు కూర్చోవాలి. కూర్చున్నా లేవడానికి తొడలో బలం లేదు.

నాకు తెలిసిన ఒక టీచరమ్మ పొద్దున అర గ్లాసు కాఫీ తాగి బడికి వెళ్తుంది. మళ్ళీ గుటక నీళ్ళు తాగేది సాయంత్రం ఇంటికొచ్చాకే. బడిలో టాయిలెట్టు ఉంది, కానీ రెండు మెట్లెక్కాలి, లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒంటికి నీళ్ళు చాలకపోతే పెద్దపేగు మలంలోని నీటిని ఇంకా ఇంకా లాగేసుకుంటుంది. మలం గట్టిపడుతుంది. దాన్ని తోయడానికి పొట్ట కండరాలు లేవు. ఏళ్ళ తరబడి ఇలాగే గడిస్తే మొలలు, మలద్వారం దగ్గర చీలికలు. ఆమెకు డాక్టరు రాసిచ్చింది సిరప్. ఆమెకు కావలసింది గోడకు ఒక స్టీలు కడ్డీ. ప్రభుత్వ భవనాలూ బడులూ వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతూనే ఉంది. ఎదురుగా ర్యాంపు కట్టి ఫొటో తీసుకున్నవాళ్ళు లోపలి టాయిలెట్టు దాకా వెళ్ళి చూడాలి.

ఇంట్లో అయితే కొన్ని మార్పులు మన చేతిలోనే ఉన్నాయి. వెస్టర్న్ కమోడ్, దానికి రెండు పక్కలా చేతికందే కడ్డీలు, పాదాల కింద జానెడు ఎత్తు పీట. గొంతుకు కూర్చున్నప్పుడు పెద్దపేగు చివరి వంపు కాస్త తిన్నబడి దారి సులువవుతుంది. పీట పెట్టి మోకాళ్ళు పైకి లేపితే కమోడ్ మీద కూడా కొంతవరకు ఆ భంగిమ వస్తుంది. ఒక కాలు పొట్టిగా ఉంటే ఆ కాలికి ఇంకొంచెం ఎత్తు పెట్టుకోవాలి, లేకపోతే శరీరం ఒక పక్కకు ఒరిగి పట్టు దొరకదు.

పొద్దున్నే కాఫీ పడితేగానీ కదలదని పెద్దవాళ్ళు చెప్పే మాటలో నిజముంది. ఖాళీ కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు అడుగున ఉన్నదాన్ని ముందుకు నెడుతుంది. ఈ స్పందన పొద్దుటిపూట, వేడిగా ఏదైనా తాగినప్పుడు, టిఫిన్ తిన్నాక బలంగా ఉంటుంది. ఆ తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలకు కమోడ్ మీద కూర్చోవడం అలవాటు చేసుకుంటే బలంలేని కండరాలకు పేగే తోడొస్తుంది. కాలిపర్ తొడుక్కోవడానికే అరగంట పట్టేవాళ్ళు సాధారణంగా ఈ సమయాన్నే పోగొట్టుకుంటారు. తొడుక్కోకముందే ఆ పని ముగించుకోవడానికి వీలుందేమో చూసుకోవడం మంచిది.

పొట్టను రుద్దడం కూడా పనిచేస్తుంది. కుడివైపు కింద మొదలుపెట్టి, పక్కటెముకల దాకా పైకి, అక్కణ్ణుంచి అడ్డంగా ఎడమవైపుకు, ఎడమవైపు నుంచి కిందికి. పెద్దపేగు సాగే దారి అదే. హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, పొట్టకు కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు ఇది చేయకూడదు.

ఇసబ్గోల్ అందరికీ పడదు

మలబద్ధకమంటే పక్కింటివాళ్ళు చెప్పే మొదటి మందు ఇసబ్గోల్ పొట్టు. అది నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. పెద్ద గ్లాసుడు నీళ్ళతో తీసుకుంటేనే పనిచేస్తుంది. నీళ్ళు తగ్గిస్తే లోపలే గట్టి ముద్దయి ఉన్న ఇబ్బందిని పెంచుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు గొంతులోనే ఉబ్బి అడ్డంపడే ప్రమాదం ఉంది, వాళ్ళు దాని జోలికి పోకూడదు. పీచు సంగతీ అంతే. తోటకూర, చిక్కుడు, జామకాయ, రాగి సంగటి అన్నీ మంచివే, నీళ్ళు తోడుంటేనే. పగలంతా నీళ్ళు తాగని మనిషి రాత్రికి జొన్నరొట్టె పెంచుకుంటే ఒరిగేదేమీ లేదు.

సునాముఖి ఆకు, ఆముదం లాంటివి పేగును పొడిచి కదిలించే రకం. ఎప్పుడైనా ఒకసారి పర్వాలేదు, రోజూ వాడాల్సి వస్తుంటే డాక్టరును అడగాలి. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ లాంటి మందులు దీర్ఘకాలం వాడుకోవడానికి ఉన్నాయి.

విరేచనాలు అనుకున్నది మలబద్ధకమే కావచ్చు

వారం రోజులు కదలిక లేదు. తర్వాత ఉన్నట్టుండి రోజుకు నాలుగైదుసార్లు నీళ్ళలా, అదుపు లేకుండా. ఇంట్లోవాళ్ళు విరేచనాలు కట్టే మాత్ర వేస్తారు. గట్టిపడిన మలం అడ్డంపడితే దాని పక్కల నుంచి నీళ్ళలాంటిది మాత్రమే కారుతుందని తెలిస్తే ఆ మాత్ర వేయరు. పెద్దవయసులో, ఎక్కువ కదలికలేని ఎవరికైనా ఇలా జరగవచ్చు. డాక్టరు చేత్తో పరీక్ష చేస్తే చాలావరకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పొలమారితే ఎవరో తలచుకున్నట్టేనా?

నీళ్ళు తాగుతూ పొలమారితే మన ఇళ్ళల్లో నెత్తిమీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారంటారు. పోలియో వచ్చినవాళ్ళకు నలభై ఏళ్ళు దాటాక తరచూ పొలమారుతుంటే మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోకూడదు.

కొందరికి పోలియో మెదడు కింది భాగం దాకా పాకుతుంది. గొంతు, నాలుక, స్వరపేటికలకు నరాలు వెళ్ళేది అక్కణ్ణుంచే. ఇలాంటివాళ్ళకు చిన్నప్పుడు మింగడం పోయి మళ్ళీ వచ్చి ఉంటుంది. ఆ తర్వాత దశాబ్దాలకు అదే ఇబ్బంది తిరిగి తలెత్తుతుంది. 1991లో బార్బరా సోనీస్, మారినోస్ డలాకస్ అనే పరిశోధకులు అమెరికాలో పోలియో అనంతర లక్షణాలున్న 32 మంది గొంతును నిశితంగా పరీక్షించారు. కొత్తగా మింగడం కష్టంగా ఉందని చెప్పినవాళ్ళు 14 మంది. పరీక్షలో ఏదో ఒక తేడా కనపడింది ఎంతమందికో తెలుసా? 31 మందికి. అంటే ఏ ఇబ్బందీ లేదన్న 18 మందిలో 17 మందికి కూడా. ఊపిరితిత్తుల వైపు ఆహారం జారే ప్రమాదం కనపడింది ఇద్దరిలోనే కాబట్టి బెంబేలెత్తాల్సిన పని లేదు. కానీ లోపం నెమ్మదిగా వస్తుంది, మనిషి తెలియకుండానే సర్దుకుపోతాడు. ముద్ద చిన్నదవుతుంది, భోజనం గంట పడుతుంది, పెళ్ళిభోజనాలకు వెళ్ళడం మానేస్తాడు, అడిగితే ఆకలి లేదంటాడు.

అసలు ఇన్నేళ్ళ తర్వాత ఎందుకొస్తుంది? చిన్నప్పుడు కొన్ని నరకణాలు చనిపోయినప్పుడు, బతికినవి కొత్త కొమ్మలు వేసి దిక్కులేని కండర పోగులను కూడా తమ కిందికి తెచ్చుకున్నాయి. పిల్లలు కోలుకున్నది చాలావరకు అందుకే. ఒకే బోరుతో చుట్టుపక్కల చేలన్నిటికీ నీళ్ళు పెట్టినట్టు ఆ నరాలు ఏళ్ళపాటు మోయగలిగినదానికి మించి మోశాయి. 15 నుంచి 40 ఏళ్ళ తర్వాత ఆ కొమ్మలు ఎండడం మొదలవుతుంది. దీన్నే పోస్ట్-పోలియో సిండ్రోమ్ అంటారు. పోలియో వచ్చినవాళ్ళలో నూటికి 25 నుంచి 40 మందికి ఇది రావచ్చని అంచనా. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. జబ్బు పోయిందన్న సంతోషంలో, 1970లలో, 80లలో ఆ జబ్బు వచ్చిన పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఈ వయసులో ఉన్నారన్న సంగతి మరుగున పడింది. కొత్త డాక్టర్లలో చాలామంది తమ చదువులో ఒక్క పోలియో రోగినీ చూసి ఉండరు.

మింగడంలో ఇబ్బంది ఉన్నప్పుడు మనం అనుకునేదానికి ఆచరణ వేరుగా ఉంటుంది. గట్టివాటికంటే ముందు మోసం చేసేవి పల్చటివి, అంటే నీళ్ళు, చారు, పల్చటి మజ్జిగ. ఊపిరి దారి మూసుకునేలోపే అవి జారిపోతాయి. పెరుగన్నం, ముద్దపప్పు, కాస్త చిక్కటి రాగిజావ నెమ్మదిగా, ఒకే ముద్దగా వెళ్తాయి. అటుకులు, మురుకులు, పొడి వేసిన పొడిపొడి అన్నం పలుకులు పలుకులుగా విడిపోయి గొంతులో అక్కడక్కడా మిగిలిపోతాయి. గడ్డం ఛాతీ వైపు కాస్త వంచి మింగడం కొందరికి పనికొస్తుంది. గొంతు ఒకవైపే బలహీనమైతే తలను ఆ బలహీనమైన వైపుకే తిప్పి మింగాలి, అప్పుడు ఆ దారి మూసుకుని బలమున్న వైపు నుంచి దిగుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెబుతారు. మింగడాన్ని చూసేది కూడా వాళ్ళేనని చాలామందికి తెలియదు.

ఇంకో మాట. గొంతు కండరాలు కూడా కాళ్ళలాగే అలసిపోతాయి. పొద్దున ఇడ్లీ హాయిగా దిగిన మనిషికే రాత్రి అన్నం అడ్డంపడుతుంది. పెద్ద భోజనం మధ్యాహ్నానికి జరిపి, రాత్రి తేలిగ్గా, తొందరగా తినాలి. తింటూ మాట్లాడించకూడదు, టీవీ చూస్తూ తినకూడదు. తిన్న తర్వాత గొంతు తడిగా, గురగురమని మారినా, కారణం తెలియని జ్వరాలు, న్యుమోనియా మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

భుజం నొప్పికి వేసిన మాత్ర కడుపును కాలుస్తుంది

కాళ్ళు చేయాల్సిన పని ముప్పై ఏళ్ళు చేతులు చేస్తే భుజాలు అరుగుతాయి, మణికట్లు వాస్తాయి. నొప్పి తగ్గాలని ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో రెండు మాత్రలు తీసుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. నెలల తరబడి వాడితే పుండు పడుతుంది, రక్తం కారుతుంది. అరవై దాటినవాళ్ళకు, స్టెరాయిడ్ కూడా వాడేవాళ్ళకు, గుండెకు ఆస్పిరిన్ తీసుకునేవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ముందు నొప్పి తెలియకుండానే పుండు రక్తం కార్చవచ్చు. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే అది రక్తం కావచ్చు. ఐరన్ మాత్రలతో కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పారాసిటమాల్ కడుపుకు అంత హాని చేయదు, మోతాదు మించకూడదు. నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, నొప్పికిచ్చే ట్రమడాల్, కాల్షియం, ఐరన్ అన్నీ మలబద్ధకాన్ని పెంచేవే. మందుల చీటీ మొత్తం ఒకేసారి డాక్టరు ముందు పెట్టడం మంచిది.

వెన్ను వంకరపోతే కడుపుకు చోటు తగ్గుతుంది

ఒక పక్క కండరాలు బలహీనపడి పెరిగే పిల్లల్లో వెన్నెముక వంగుతుంది. పక్కటెముకలు దిగి తుంటి ఎముకను తాకేంత వంపు కూడా కొందరికి ఉంటుంది. లోపల కడుపు, పేగులు, ఊపిరితిత్తులు ఆ కొంచెం చోటునే పంచుకోవాలి. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండడం, పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట, భోజనం చేశాక ఆయాసం దీనివల్ల కావచ్చు. కడుపు నిండుగా ఉంటే డయాఫ్రమ్ కిందికి దిగలేదు, ఊపిరి చాలదు. రోజుకు మూడుసార్లు కడుపునిండా తినడం కంటే ఐదుసార్లు కొంచెం కొంచెం తింటే మేలు. తిన్న రెండు మూడు గంటలు పడుకోకూడదు. రాత్రి ఊపిరికి బైపాప్ యంత్రం పెట్టుకునేవాళ్ళకు పొద్దున్నే పొట్ట ఉబ్బి తేన్పులొస్తుంటే, యంత్రం పంపే గాలిలో కొంత కడుపులోకి పోతోందన్నమాట. యంత్రం ఒత్తిడి, మాస్కు సరిచేస్తే తగ్గుతుంది, గ్యాస్ మాత్రలతో కాదు.

 

అన్నీ పోలియో ఖాతాలో వేయకండి

యాభై ఏళ్ళ వయసులో కొత్తగా మారిన విరేచన పద్ధతి, మలంలో రక్తం, తెలియకుండా తగ్గే బరువు, రక్తహీనత. ఇవి పోలియో వల్లేనని సరిపెట్టుకోకూడదు, ఎవరికొచ్చినా వెంటనే పరీక్ష చేయించాల్సినవి. ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకుని సోడా తాగే అలవాటు మనకుంది. కాళ్ళు ఆడించలేక బరువు పెరిగిన మనిషికి గుండెజబ్బు రావడానికి అవకాశం ఎక్కువే. కాస్త దూరం నడిచినా ఆయాసపడని మనిషికి గుండె బాగుందనుకుంటాం. అసలు నడవని మనిషికి ఆ పరీక్షే జరగదు.

ఎండోస్కోపీకి, కొలొనోస్కోపీకి వెళ్ళేముందు

పరీక్ష చేసే డాక్టరుకు, మత్తు ఇచ్చే డాక్టరుకు ఇద్దరికీ పోలియో సంగతి నోటితో చెప్పాలి. కాలు చూసి వాళ్ళే గ్రహిస్తారనుకోకూడదు. ఎవరికైనా చిన్నప్పుడు గొంతో ఊపిరో దెబ్బతిని ఉంటే అది బయటికి కనపడదు. పోలియో వచ్చినవాళ్ళకు మత్తుమందు తక్కువ మోతాదుకే ఎక్కువ పట్టవచ్చు, తేరుకోవడానికి ఎక్కువ సేపు పట్టవచ్చు. డయాఫ్రమ్ బలహీనంగా ఉన్నవాళ్ళను వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు. గొంతు మొద్దుబార్చే స్ప్రే కొడితే, అసలే అంతంతమాత్రంగా మింగే మనిషి ఆ కాసేపూ లాలాజలం కూడా మింగలేడు. స్ప్రే ప్రభావం పోయేదాకా నీళ్ళు తాగించకూడదు. చల్లటి గదుల్లో పోలియో కాలు తొందరగా చల్లబడి బిగుసుకుంటుంది, ఒక దుప్పటి అడిగి పెట్టుకోవాలి.

కొలొనోస్కోపీలో అసలు కష్టం పరీక్ష ముందురోజు రాత్రే. పేగు ఖాళీ చేయడానికి రెండు నుంచి నాలుగు లీటర్ల మందు నీళ్ళు కొద్ది గంటల్లో తాగి, పదిసార్లకు పైగా పరుగెత్తాలి. పరుగెత్తలేని మనిషికి ఇది ఎంత ప్రమాదమో కాగితం మీద సూచనలు రాసేవాళ్ళకు తోచదు. తడినేల మీద కర్ర జారి తుంటి విరగడం, నీరు తగ్గి కళ్ళు తిరగడం రెండూ జరగవచ్చు. పోలియో కాలి ఎముక సన్నగా, పెళుసుగా ఉంటుంది, తేలిగ్గా విరుగుతుంది. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, రాత్రంతా తోడుగా ఒక మనిషి, కాళ్ళకు జారని చెప్పులు సిద్ధం చేసుకోవాలి. ఇంట్లో అది కుదరకపోతే ముందురోజే ఆస్పత్రిలో చేర్చుకుని ఆ మందు అక్కడే తాగించమని డాక్టరును అడగండి. పేగు కదలిక నెమ్మదిగా ఉన్నవాళ్ళకు ఒక్కరోజు తయారీ చాలకపోవచ్చు కూడా, రెండు మూడు రోజుల ముందు నుంచే తేలికైన తిండి, మలం మెత్తబడే మందు మొదలుపెట్టాలేమో ఆ డాక్టరునే అడగాలి.